క్రేన్ బండి తాకిడి – ఇల్లాలి హక్కులు

మా వీధిలో నుండు నొక యిల్లాలు గత వేసవిలో భర్తతోఁ గూడ స్కూటరుపైఁ బుట్టినింటికిఁ బోవుచుండెను. జాతీయ రహదారినుండి ప్రక్కదారికి దిగు మలుపున, చెడిపోయిన కారు నొకదానిని ముందుచక్రములు పైకెత్తి కొక్కెమునకుఁ దగిలించుకొని యొక క్రేన్ బండి వచ్చి యెడమకుఁ దిరిగెను. క్రేన్ విశాలముగానే తిరిగినది. కాని దాని వెనుకనున్న కారు ఆ త్రోవనే పోక, మలుపును లోపలికిఁ గోసికొనివచ్చి, యెడమప్రక్క నొదిగి నిలిచియున్న స్కూటరును గొట్టినది. భర్తకు మోకాలి చర్మము లేచుటతో సరిపోయినది. ఆమెకుఁ దొడయెముక విరిగినది.

మూఁడవనాఁడు క్రేన్ యజమాని తరఫున నొక పెద్దమనిషి యాసుపత్రికి వచ్చెను. చేతిలో నిరువది వేల రూపాయలు, స్టాంపు కాగితము నున్నవి. తన బండి స్కూటరును దాకనే లేదని, దాకినది కారని, ఐనను మానవధర్మముగా నీ సొమ్మిచ్చుచున్నామని చెప్పెను. కారు యజమానిని విచారింపఁగా, తానా సమయమున బండిలోనే లేనని, నడుపని బండికిఁ దన పూచీ యేమని యడిగెను. మేము చూడఁబోయినప్పు డామె పిండికట్టుతోఁ బండుకొని, "వదినగారూ, ఇంతకును మమ్ము గొట్టిన దెవరు? ఎవరి నడుగవలెను?" అని మమ్మే ప్రశ్నించెను.

ఆ ప్రశ్నకుఁ దగిన సమాధానము గలదు. అది మన యిండ్లలోఁ దెలియకపోవుటచేతనే అటువంటి స్టాంపు కాగితములపై సంతకము లగుచున్నవి. కావున దానిని సోదరీమణుల యెదుట నుంచుచున్నాము.

క్రేన్ బండి యనినను, టోయింగ్ బండి యనినను, రికవరీ వ్యాను అనినను చట్టము దృష్టిలో నది మోటారు వాహనమే. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము దానికి రిజిస్ట్రేషను, నడుపువానికి లైసెన్సు, మూఁడవ వ్యక్తులకుఁ గలుగు హానికై బీమా తప్పనిసరిగా నుండవలెను. రోడ్డుమీఁద నడచువారు, సైకిలువారు, వేఱొక బండిలోనున్నవారు అందఱును ఆ బీమాకు మూఁడవ వ్యక్తులే. తాను లాగుచున్న బండి యెటు పోవునో చూచుకొను బాధ్యత ప్రధానముగా లాగువానిదే. ముందుచక్రములు కొక్కెమున వ్రేలాడు కారునకు స్వంతబుద్ధి లేదు గదా! దానికిఁ జుక్కాని లేదు, బ్రేకును లేదు. క్రేన్ ఎటు లాగిన నటు పోవును. అది మలుపులలో లోపలికిఁ గోయునని లాగుటయే వృత్తిగాఁ గలవానికిఁ దెలిసియుండవలెను. కావున దాకినది తన యినుము కాదు, పరుల యినుమనెడి వాదము నిలుచునది కాదు.

మన ప్రాంతములలో నింకొక యలవాటు గలదు. క్రేన్ దొరకనప్పుడు లారీకో ట్రాక్టరుకో తాడు గట్టి చెడిన బండిని లాగింతురు; వెనుకబండి చుక్కాని వేఱొకఁడు పట్టుకొని కూర్చుండును. చీఁకటిలో నడుమనున్న తాడు కనఁబడక ద్విచక్రవాహనములవారు రెండు బండ్ల సందున దూరి పడుట గలదు. 1989లో వచ్చిన రోడ్డు నియమములలో దీనికై ప్రత్యేకముగా నొక నిబంధన యుండెను: రెండు బండ్ల నడుమ దూరము 5 మీటర్లు మించరాదు, తాడుగాని గొలుసుగాని యితరులకు స్పష్టముగాఁ గనఁబడవలెను, వెనుకబండి వెనుకభాగమునఁ దెల్లని పలకపై నల్లని పెద్దయక్షరములతో నిది లాగఁబడుచున్నదని వ్రాసియుండవలెను, వేగము గంటకు 24 కిలోమీటర్లు దాఁటరాదు. 2017లో ఆ నియమావళి స్థానమునఁ గ్రొత్తది వచ్చినది. దారిలో నట్టి పలక మేము చూచిన దెన్నఁడో జ్ఞాపకము లేదు. పలకయో యెఱ్ఱదీపమో యుండెనా లేదా యని ప్రమాదస్థలముననే గమనించి ఫోటో తీసియుంచిన, నది కోర్టులో వేయిమాటల పెట్టు.

తాడుతో లాగినప్పుడు ముందువానిది సగము తప్పు, వెనుకచుక్కాని పట్టినవానిది సగము తప్పు అని తేలుట సంభవమే. అప్పుడు గాయపడిన స్త్రీ యిద్దఱి వెంటను దిరిగి చెఱిసగము రాఁబట్టుకొనవలెనా? అక్కఱలేదు. ఇరువురి యజాగ్రత్తచేత మూఁడవ వ్యక్తికి హాని కలిగినప్పు డామె వారిలో నెవరి యొద్దనైనను మొత్తము పరిహారము రాఁబట్టుకొనవచ్చునని 2015లో సుప్రీంకోర్టు స్పష్టముగాఁ దీర్పు చెప్పినది. ఎవరి వంతెంతయో తరువాత వారిలో వారు తేల్చుకొందురు. ఈ సూత్రము స్కూటరు వెనుకఁ గూర్చుండు స్త్రీలకు మఱొక విధముగాఁ గూడ నుపయోగపడును. బీమా కంపెనీవారు, "నీ భర్తయే వేగముగాఁ బోయెను, తప్పులో సగము అతనిది" అని వాదింతురు. అది నిజమైనను తగ్గునది భర్త కోరు పరిహారమే కాని భార్యది కాదు. బండి నడుపనిదానికి నడపుటలోని తప్పు నంటఁగట్టుట న్యాయము కాదు గదా! బిడ్డను నడుమఁ గూర్చుండఁబెట్టుకొని మువ్వురు పోవుచుండిరను ఒక్క కారణముచేతనే పరిహారము తగ్గింపరాదనియు, ఆ మువ్వురుండుట ప్రమాదమునకుఁ గారణమైనదని ఋజువు కావలెననియు 2020లో సుప్రీంకోర్టు చెప్పినది. ఇందువలన మువ్వు రెక్కుట మంచిదని మేము చెప్పుటలేదు. హెల్మెటు వెనుకవారికిఁ గూడ విధియే. పొరుగూరి పెండ్లికిఁ బోవునప్పుడు కొప్పు చెదరునని దానిని విడుచువారిని మేమెఱుఁగుదుము.

మా పొరుగామె ప్రశ్నకు మేము చెప్పిన దిది: క్రేన్ నడుపువాఁడు, దాని యజమాని, దాని బీమా కంపెనీ, ఈ మువ్వురును తప్పక ప్రతివాదులు కావలెను. కారు యజమానిని, అతని బీమా కంపెనీని గూడఁ జేర్చిన నష్టము లేదు. చేర్చకున్న క్రేన్ వారు తప్పంతయు లేనివానిపైఁ ద్రోసి కూర్చుందురు.

ఇఁక నా స్టాంపు కాగితము మాట. నొప్పితో మూలుగుచున్న మనిషి తలాపున నిలిచి సంతకము గోరుటలోనే దాని స్వభావము తెలియుచున్నది. తొడయెముక యతుకుకొనునో, వంకరగా నతుకునో, మఱల శస్త్రచికిత్స కావలసివచ్చునో మూఁడవనాఁడు వైద్యునికే తెలియదు. అప్పుడే పూర్తి పరిహారము ముట్టినదని వ్రాసియిచ్చుట విత్తు మొలకెత్తకమున్నే పంట నమ్ముకొనుట. సొమ్మవసరమైనచో నేమి చేయుట యందురా? అందుకు వేఱు మార్గములు గలవు.

మొదటిది వైద్యము. 2025 మే 5వ తేదీనుండి కేంద్రప్రభుత్వపు పథకమొకటి యమలులోనికి వచ్చినది. మోటారు వాహన ప్రమాదమున గాయపడినవారికి, ఏ రోడ్డుపైనైనను సరే, ప్రమాదము జరిగిననాఁటినుండి 7 దినములవఱకు, ఒక్కొక్కరికి లక్షా యేఁబది వేల రూపాయలకు మించకుండ, పథకమునఁ జేరిన యాసుపత్రులలో సొమ్ము చెల్లింపకయే చికిత్స యిత్తురు. బీదలు, ధనికులు అను భేదము లేదు. ఆసుపత్రి గుమ్మమున ముందు రొక్కము కట్టుఁడని యడిగినప్పు డీ పథకము పేరెత్తుట మఱవరాదు. సహాయమునకు 112 నెంబరును, అంబులెన్సునకు 108 నెంబరును, జాతీయ రహదారిపైనైనచో 1033 నెంబరును బిలువవచ్చును. ఈ 108 బండ్లు 2005లో మన హైదరాబాదుననే మొదలైనవని పాఠకురాండ్రలోఁ బెద్దలకు జ్ఞాపకముండును. గాయపడినవారి నాసుపత్రికిఁ జేర్చిన దారినపోవు వారిని పేరు చెప్పుమని నిర్బంధింపరాదని, వారిపైఁ గేసు పెట్టరాదని 2019 సవరణలోఁ జట్టము రక్షణ కల్పించినది. కావున సాయము చేయుటకు మనమును వెనుదీయనక్కఱలేదు.

రెండవది పోలీసు నివేదిక. ప్రమాదము చేసిన డ్రైవరు గాయపడినవారికి వైద్యసహాయ మందునట్లు చూడవలెను, పోలీసులకుఁ దెలుపవలెను. అతఁడు తెలుపకున్న మనము తెలుపవలెను. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఫిర్యాదిచ్చినవారికి ఉచితముగా నీయవలసినదే. "తరువాత రండు" అనిన నప్పుడే వ్రాతమూలముగాఁ గోరవలెను. అందులో "కారు ఢీకొన్నది" అని మాత్రము వ్రాసి క్రేన్ మాట విడిచినచో, మొదటి కాగితమే మనకు శత్రువగును. మా పొరుగామె విషయమునఁ దొలుత నట్లే వ్రాయఁబడినది. భర్త చదివిచూచి, లాగుచున్న బండి నెంబరును గూడఁ జేర్పించెను. ఆ వాక్యమొక్కటియే కేసునకుఁ బ్రాణము పోసినదని మా నమ్మకము. 2022 ఏప్రిల్ 1నుండి యమలైన నియమముల ప్రకారము పోలీసులు 48 గంటలలోఁ దొలినివేదికను, 90 దినములలో సమగ్రనివేదికను ట్రిబ్యునలునకుఁ బంపవలెను. ఆ నివేదికనే పరిహారపు దరఖాస్తుగా ట్రిబ్యునలు స్వీకరింపవచ్చును. ఐనను వారు పంపుదురులే యని చేతులు ముడుచుకొని కూర్చుండుట మంచిది కాదు.

స్థలమున నెవరైన నిలుకడగా నున్నవారుండిన రెండు బండ్ల నెంబర్లు, క్రేన్ తలుపుపై వ్రాసియున్న కంపెనీ పేరు, కొక్కెము, గొలుసు, చక్రములు నిలిచిన తీరు ఫోటోలు తీయవలెను. టోలుగేటు, పెట్రోలు బంకు, దుకాణము వీనిలోని కెమెరా బొమ్మలు కొన్నిదినములకే చెఱగిపోవును. వానిని భద్రపఱపుఁడని పోలీసులకు వెంటనే యర్జీ నీయవలెను. ఇంటికివచ్చిన పిదప నొక సంచి పెట్టి, మందులచీటీలు, బిల్లులు, ఎక్స్‌రేలు, ఆటోకిచ్చిన డబ్బు లెక్క, కట్టు కట్టించిన దినములు అన్నియు నందులో వేయవలెను. పాలలెక్క, చాకలిపద్దు తప్పకుండ వ్రాసికొను చేతులకు ఇది క్రొత్తవిద్య కాదు.

సొమ్ము కోరుటకు చట్టములో రెండు త్రోవలున్నవి. తప్పెవరిదను విచారణ లేకుండఁ బ్రాణము పోయినచో 5 లక్షలు, తీవ్రగాయమైనచో రెండున్నర లక్షలు ఇచ్చునది యొకటి. తప్పును నిరూపించి పూర్తినష్టమును గోరునది మఱొకటి. మొదటిది త్వరగాఁ దేలును. కాని బీమా కంపెనీ యిచ్చు నా సొమ్మును బుచ్చుకొన్నచో రెండవ త్రోవలో వేసిన పిటిషను రద్దగునని చట్టమే చెప్పుచున్నది. బీమావారి మనిషి యింటికి వచ్చి చెక్కు చూపినప్పుడు, "ఇది యే త్రోవది?" అని యడుగక చేయి చాపరాదు. తప్పు తేల్చుట కష్టమైనచోట్ల మొదటిదే మేలు. కాలో చేయియో శాశ్వతముగాఁ జెడినప్పుడు, ఇంటిదీప మాఱినప్పుడు మాత్రము రెండవదానినే యాలోచింపవలెను.

పిటిషను వేయుటకు ప్రమాదము జరిగిననాఁటినుండి 6 నెలల గడువని 2019 సవరణ విధించినది; అది 2022 ఏప్రిల్ 1నుండి యమలైనది. ఈ గడువు న్యాయమా కాదా యను వివాదము సుప్రీంకోర్టుకుఁ జేరఁగా, అది తేలువఱకు గడువు మీఱినదను కారణముచేతఁ బిటిషన్లను గొట్టివేయరాదని 2025 నవంబరు 7న ఆ కోర్టు మధ్యంతరముగా ఆదేశించినది. దానిని నమ్ముకొని యాలస్యము చేయుట మాత్రము మాకు సమ్మతము కాదు. సంవత్సరీకములు గడచువఱకుఁ గోర్టుమాట తలపెట్టరాదనెడి యాచారము కొన్ని కుటుంబములలోఁ గలదు. దుఃఖమునకు గడువు లేదు గాని పిటిషనుకుఁ గలదు.

ఎక్కడ వేయవలెను? ప్రమాదము జరిగిన జిల్లాలోనే కానక్కఱలేదు. కోరువారు నివసించుచున్నచోటి ట్రిబ్యునలులోనే వేయవచ్చును. భర్తను గోల్పోయి బిడ్డలతోఁ బుట్టినింటఁ దలదాఁచుకొన్న స్త్రీకి ఇది పెద్ద యూరట. వకీలు ఫీజునకు వెఱవవలదు: 1987నాఁటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, వారి యాదాయ మెంతయైనను, ప్రభుత్వమే యుచితముగా వకీలు నేర్పాటు చేయవలెను. జిల్లా కోర్టు ఆవరణలోనే యా న్యాయసేవాధికార సంస్థ యుండును. 15100 నెంబరునకు ఫోను చేసినను దారి చెప్పుదురు. ఆసుపత్రి వరండాలలోఁ దిరుగుచు, వచ్చిన సొమ్ములో నింత భాగము మాకని ఖాళీ వకాల్తాపై వ్రేలిముద్ర వేయించుకొను మధ్యవర్తులకు మాత్రము దూరముగా నుండవలెను.

ఇప్పుడు మేము ముఖ్యముగాఁ జెప్పఁదలఁచినది. క్రేన్ వారి పెద్దమనిషి ఆనాఁడు మఱొక మాటయుఁ జెప్పెను: "ఆమె యుద్యోగి కాదు గదా, జీతనష్ట మేమున్నది?" మంచముపైనున్న యామెయుఁ గాఁబోలు ననుకొన్నది. విచార మేమన, ఆమె భర్తయుఁ దలయూపెను.

గృహిణి పనికి వెల కట్టుట మన కోర్టులు చాలకాలముగాఁ జేయుచున్నవి. జంషెడ్‌పూరులో 1989లో జరిగిన యగ్నిప్రమాదములో మరణించిన గృహిణుల విషయమై 2001లో సుప్రీంకోర్టు వారి సేవ నెలకు 3,000 రూపాయలని లెక్కించినది. తరువాతి తీర్పులు ముందుకు నడచినవి. 2021 జనవరి 5నాఁటి తీర్పులో, మనకృష్ణాజిల్లా పొన్నవరమునఁ బుట్టిన న్యాయమూర్తి నూతలపాటి వేంకటరమణగారు విడిగా నొక యభిప్రాయము వ్రాసిరి. 2019లో ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేను వారందుఁ బేర్కొనిరి: జీతము లేని యింటిపనికై స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వినియోగించుచున్నారని. వంట, నీళ్లు, పిల్లల చదువు, ముసలివారి సేవ, పల్లెలలోఁ బొలము పశువులు, ఇవన్నియు సంపాదనయే యని, గృహిణికిఁ గల్పిత యాదాయమును నిర్ణయించుట ఆమె శ్రమను గౌరవించుటయే యని వారి యభిప్రాయ సారము. ఉద్యోగులకువలెనే గృహిణికిని భవిష్యత్తులో నాదాయము పెరుగునని కలుపవలెనని గూడ నా తీర్పులోఁ దేలినది. 2024 ఫిబ్రవరిలో మఱొక ధర్మాసనము, గృహిణి యాదాయమును దినకూలి వేతనముకన్నఁ దక్కువగా లెక్కించుట తగదని చెప్పి, రెండున్నర లక్షల పరిహారమును 6 లక్షలు చేసినది.

లెక్క యెట్లు సాగునో చెప్పెదము. చేదుగా నుండును గాని తెలిసియుండుట మేలు. 38 యేండ్ల గృహిణి మరణించినదని, ఆమె సేవ నెలకు 12,000 రూపాయలని ట్రిబ్యునలు నిర్ణయించినదని, ఆమెపై నాధారపడినవారు నలుగురని యనుకొందము. 40 యేండ్లలోపు వయసు గనుక భవిష్యత్తుకై నూటికి 40 చేర్చిన నెలకు 16,800, ఏడాదికి 2,01,600. ఆమె స్వంతఖర్చులకై నాల్గవవంతు తీసివేసిన 1,51,200. 36 మొదలు 40 వఱకు గల వయసునకు 15తో గుణింపవలెనని 2009 తీర్పులోని పట్టిక. మొత్తము 22,68,000. దీనికి సహచర్యనష్టము క్రింద భర్తకు, బిడ్డలకు విడివిడిగా నిచ్చునది, అంత్యక్రియల వ్యయము కలియును. 2017లో రాజ్యాంగ ధర్మాసనము సహచర్యమునకు 40,000గా నిర్ణయించి, మూఁడేండ్ల కొకసారి నూటికి 10 పెంపుమన్నది. పిటిషను వేసిననాఁటినుండి వడ్డీయుఁ గోరవచ్చును. ఇరువది వేలతో వచ్చిన పెద్దమనిషి యెదుట నీ యంకెలు పెట్టిచూడుఁడు.

గాయపడి బ్రదికినవారి లెక్క వేఱు. చికిత్సాఖర్చులు, నొప్పి, మంచముపైనున్న నెలల నష్టము, శాశ్వతముగా మిగిలిన లోపము, రాకపోకలు, మంచి యాహారము, సేవ చేయువారి ఖర్చు అన్నియు నందులోఁ జేరును. ఈ కడపటిదానిని మనవారు విడిచిపెట్టుదురు. ఏలయనఁగా సేవ చేయున దెవరు? తల్లి, అత్తగారు, ఆడపడుచు. వారికి జీత మిచ్చువా రెవరు! 2020లో సుప్రీంకోర్టు, ప్రమాదములోఁ దలకు దెబ్బతగిలి జీవితాంతము పరుల సాయమవసరమైన 12 యేండ్ల బాలిక విషయమున, సేవకు ఇద్దఱు కావలెనని, నెలకు 10,000 చొప్పున 18తో గుణించి 21,60,000 రూపాయలు దాని క్రిందనే యిప్పించినది. మా పొరుగామె తల్లి వచ్చి నాలుగు నెలలుండి స్నానము చేయించి, వండి, పిల్లలను బడికిఁ బంపినది. ఆ నాలుగు నెలలను వకీలు పిటిషనులో వ్రాయఁగా ముసలామె సిగ్గుపడి, "కూఁతునకు చేసినదానికి లెక్కలా అమ్మా!" అనెను. లెక్క కూఁతురి నుండి కాదు, క్రేన్ వారి బీమానుండి యని చెప్పి యొప్పించితిమి.

మరణము సంభవించినప్పుడుఁ గోరఁదగినవారు భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు మాత్రమే యని తలఁపవలదు. అల్లుని యింట నుండి యతనిపై నాధారపడిన యత్తగారు గూడఁ గోరవచ్చునని 2021లో కేరళకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. వచ్చిన సొమ్ము ఎవరి భాగము వారి పేర బ్యాంకులోఁ బడవలెను. వితంతువు పాలు మఱఁది ఖాతాలోఁ బడుట మేము రెండుచోట్ల చూచితిమి. కావునఁ బిటిషనుతోపాటే తన పేర ఖాతా తెఱచుట మంచిది.

క్రేన్ ప్రభుత్వపుదైనచో? దారికడ్డముగా నిలిపిన బండ్లను దీయించు నధికారము పోలీసులకుఁ గలదు. పట్టణములలో నా పనికి గుత్తేదారుల బండ్లు తిరుగుచుండుట చూచుచునే యున్నాము. సర్కారువారితో మనమేమి గెలుతుమని నిరాశపడవలదు. 1952లో ఉదయపూరున కలెక్టరుగారి జీపు మరమ్మతు చేయించుకొని వచ్చుచు దారిపోవు నొకనిని గొట్టి చంపినది. అతని భార్యయు, మూఁడేండ్ల కూఁతురును దావా వేసిరి. డ్రైవరు తప్పునకు ప్రభుత్వమే పూచీపడవలెనని 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి 15,000 రూపాయలు నిలిపినది. ఆనాఁటి యా తల్లి వెనుదీసియుండినచో మనకీ దారి యింత సుగమముగా నుండెడిది కాదు.

గ్రుద్ది పాఱిపోయి యే బండియో తెలియనప్పుడు గూడఁ బ్రభుత్వనిధినుండి మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 లభించును. ఇఁక బీమావారు తఱచుగా నెత్తు నాక్షేపణ, డ్రైవరుకుఁ దగిన లైసెన్సు లేదని. తేలికబండి లైసెన్సు గలవాఁడు 7,500 కిలోల లోపు బరువుగల రవాణా వాహనమును నడుపవచ్చునని 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనము తేల్చినది. చిన్న టోయింగ్ బండ్ల విషయమున నా యాక్షేపణ యిట్లు చాలవఱకుఁ దీఱినది. పెద్ద క్రేన్ల మాట వేఱు. అప్పుడును బీమావారే ముందు చెల్లించి యజమానినుండి రాఁబట్టుకొనుఁడని కోర్టులు పెక్కుసార్లు చెప్పినవి. క్రిమినలు కేసులో డ్రైవరు విడుదలైనంతమాత్రమునఁ బరిహారపు కేసు పోదు. అక్కడ కావలసిన రుజువు వేఱు, ఇక్కడ కావలసినది వేఱు.

మా పొరుగామె స్టాంపు కాగితముపై సంతకము చేయలేదు. అయిదవ నెలలోఁ బిటిషను వేసినది, తన పుట్టినింటి జిల్లాలోఁ గాక మా యూరి ట్రిబ్యునలులోనే. క్రేన్ బీమావారు కారుపై, కారు బీమావారు క్రేన్‌పై నెపము పెట్టుచు జవాబులు దాఖలు చేసిరి. వచ్చు వాయిదాకు వైద్యుఁడు సాక్ష్యమునకు రావలెను. ఆమె యిప్పుడు కఱ్ఱ నూఁతగాఁ బట్టుకొని వీధి చివరి కొళాయివఱకు నడచుచున్నది. బిందె మాత్రము పెద్దకొడుకు మోయుచున్నాఁడు. అదియు నెన్నిదినములో సంచిలోని నోటుపుస్తకమున వ్రాసికొనుచున్నది.